తుపాకి గొట్టంపై అక్షరాలు

మాచర్ల నుంచి నాగార్జునసాగరు వెళ్ళే దారిలో చంద్రవంక నది డెబ్బై అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. ఎత్తిపోతల అని పేరుగాంచిన ఆ చోటికి సమీపంలోని ఒక ఊరికి కొన్నేళ్ళ క్రితం నన్ను పిలిపించారు. అక్కడొక ఇంట్లో పాత తుపాకి ఒకటి తరతరాలుగా గోడకు వేలాడుతూ ఉన్నది. ఫారసీ లిపి చదవగలవారు ఆ చుట్టుపక్కల తక్కువ కావడం వల్ల ఆ పని నాకు దక్కింది. "మౌల్వీసాబ్, దీనిమీద మా దాదాగారి పేరున్నదని మా అమ్మ చెప్పేది. కాస్త చదివి చెప్పండి" అన్నారు ఆ ఇంటి పెద్దాయన.

తీరా చూస్తే గొట్టం తళతళ మెరుస్తున్నది. ఆయన కుమారునికి పాత ఆయుధాలంటే సరదా. పాడుపడిన తుపాకిని మళ్ళీ పేలేటట్టు చేయించాలని కమ్మరి దగ్గరకు తీసుకుపోయి, ముందుగా తుప్పు వదలడానికి ఉప్పుకాగితంతో గొట్టమంతా రుద్దించాడు. చివరకు మిగిలింది ఒకే ఒక మాట: "అమల్". అంటే ఫలానావాని చేతిపని అని అర్థం. ఆ ఫలానావాడెవరో చెప్పవలసిన అక్షరాలు తుప్పుతోపాటే రాలిపోయాయి. ఆ పేరు దాదాగారిది కాదు, తుపాకి చేసిన ఉస్తాదుదని చెప్పినప్పుడు పెద్దాయన ముఖం చిన్నబోయింది. నాకు కలిగిన బాధ వేరు. ఈ వ్యాసానికి కారణం అదే.

ఆయుధాలను సేకరించడం, వాటిని స్వయంగా చేయించి చూసుకోవడం కొత్త సరదా ఏమీ కాదు. మన పాదుషాలలో ఈ విషయంలో అక్బరును మించినవాడు కనబడడు. అబుల్ ఫజల్ తన ఆయీనె అక్బరీలో తుపాకుల కోసం ప్రత్యేకంగా కొన్ని ప్రకరణాలు కేటాయించాడు. పాదుషా సొంత వాడకానికి 105 మేలైన తుపాకులు ఏరి ఉంచేవారట. వాటిలో అగ్రస్థానం "సంగ్రామ్" అనే తుపాకిది. గొట్టాలు పేలిపోయి కాల్చేవాని ప్రాణానికే ముప్పు తెస్తుంటే, ఇనుప రేకును చుట్టి అంచును అంచుపైకి ఎక్కించి నిప్పులో అతికించే పద్ధతిని అక్బరు దగ్గరుండి మెరుగుపరిపించాడు. ఆయన కొలువులో చేరి అనేక గొట్టాల తుపాకివంటి యంత్రాలతో పేరు పొందిన ఫతహుల్లా షీరాజీ 1583లో అక్కడికి వెళ్ళకముందు మన దక్కనులోనే, బీజాపూరు ఆదిల్‌షాహీల ఆశ్రయంలో ఉన్నాడు. దక్కను వారికి ఈ మాట గర్వకారణం కావాలి. ఎందుచేతనో మనం దాన్ని తలచుకోము.

అయితే ఆయీనెలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది సంగ్రామ్ కాదు. ప్రతి తుపాకిపైనా ముడి ఇనుము బరువెంతో, పని పూర్తయ్యాక నిలిచిన బరువెంతో, ఇనుము ఏ ప్రాంతానిదో, చేసిన పనివాడెవడో, ఏ ఊళ్ళో ఎప్పుడు చేశాడో, దాని సంఖ్య ఎంతో చెక్కవలసిందని అక్కడ ఉన్నది. ఈ వివరాలు చెక్కిన తుపాకి తన పుట్టుపూర్వోత్తరాలను తానే చెప్పుకుంటుంది. అందులో పాదుషాతో పాటు కమ్మరికి కూడా చోటున్నది. ఎత్తిపోతల దగ్గర ఉప్పుకాగితం తుడిచివేసినది ఆ చోటునే.

గోల్కొండ కోటకు వెళ్ళినవారు బురుజులపై ఫతహ్ రహ్‌బర్, అజ్దహా పైకర్ అనే భారీ ఫిరంగులను చూసే ఉంటారు. పిల్లలు వాటిమీద చేతులు వేసి ఫోటోలు తీయించుకుంటారు. వాటిపైన ఉన్న రాతను చదివేవారు మాత్రం అరుదు. ఫతహ్ రహ్‌బర్‌ను పోతపోసినది ముహమ్మద్ అలీ అరబ్. సంవత్సరం హిజ్రీ 1083, అనగా క్రీ.శ. 1672. అది గోల్కొండ సుల్తానులది కాదు, ఔరంగజేబుది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోట లొంగిపోయింది. రాత చదవనివానికి అది కుతుబ్‌షాహీల కోటను కాపాడిన ఫిరంగిలా కనిపిస్తుంది. చదివినవానికి ఆ కోటపై గురిపెట్టినవారి ఫిరంగి అని తెలుస్తుంది. రెండింటికీ ఎంత భేదమున్నదో చెప్పనక్కరలేదు.

టిప్పు సుల్తాను తుపాకుల సంగతి ఇంకా విచిత్రం. పులి తలలు, పులి చారలు చెక్కిన ఆ తుపాకులకు 1799 మే 4న శ్రీరంగపట్నం పతనమైన నాటినుంచి సేకర్తలలో గిరాకీ తగ్గలేదు. ఆయన 1787లో మౌలూదీ గణనను ప్రవేశపెట్టి, అంకెలను కుడినుంచి ఎడమకు రాయించాడు. 1224 అని చదవవలసినది మామూలుగా చూసేవానికి 4221గా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక బోల్తాపడడం సులభం. టిప్పు సేనకోసం ఫతహుల్ ముజాహిదీన్ అనే యుద్ధశాస్త్ర గ్రంథం రాసిన జైనుల్ ఆబిదీన్ షూస్తరీ, అదే శ్రీరంగపట్నంపైకి నిజాము దళాలతో వెళ్ళిన మీర్ ఆలంకు సోదరుడు. ఒక ఇంటి విద్య రెండు శిబిరాలకు పంచబడిందన్నమాట.

హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండు 1795లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా "తోప్ కా సాంచా" పేరు నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేటలో నిలిచి ఉన్నది. రేమండు 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన తయారుచేసిన దళాన్ని కంపెనీవారు నిరాయుధం చేశారు.

అనువాదకునిగా మరొక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మన తెలుగులోని తుపాకి తురకీ మాట "తుఫెక్" రూపాంతరం. తోపు కూడా తురకీయే. చెకుముకి రాయిలోని చెకుముకి సైతం "చక్‌మక్" నుంచి వచ్చిన తురకీ పదమే. ఫిరంగి అంటే ఫరంగులది, అనగా ఐరోపావారిది. బందూకు అరబీ; దాని మూలం ఒక కాయ పేరా, లేక అరబ్బులు బుందుఖియా అని పిలిచిన వెనిస్ నగరమా అన్నదానిపై పండితులలో భేదాభిప్రాయం ఉన్నది. పలనాటి రైతు అడవిపందులను అదిలించడానికి వాడిన మాటల్లో ఇన్ని దేశాలు దాగి ఉన్నాయి.

పలనాటికి ఆయుధాలను దాచుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలకు ఆచారవంతులు తమ ఇళ్ళలో భద్రపరచిన కొణతాలను మోసుకొస్తారు. పన్నెండవ శతాబ్దపు యుద్ధం తలపుకు వచ్చేలా వాటిని చూపుతారు, ఎవరిపైనా ఎత్తరు. ఆ నమ్మకం మనది కాకపోవచ్చు. కాని ఆయుధాన్ని జ్ఞాపకంగా ఉంచుకోవడమెలాగో అక్కడ కనబడుతుంది. ఇదే పలనాటికి నాటు బాంబులు, నాటు తుపాకుల అపకీర్తి కూడా ఉన్నది. 2024 ఎన్నికల సమయంలో మాచర్ల, నరసరావుపేట ప్రాంతాలలో జరిగిన దౌర్జన్యాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అటువంటి గడ్డమీద ఇంట్లో తుపాకిని పేలేటట్టు చేయించడం ఒట్టి సరదాగా మిగలదు.

చట్టం కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, బాగుచేసినా కాల్చడానికి పనికిరాని పురాతన ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. దానిని పేలేలా చేస్తే ఆ వెసులుబాటు పోతుంది. లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం, బాగుచేయడం నేరాలే. లైసెన్సు ఉన్నవారికి సైతం అనుమతించే తుపాకుల సంఖ్యను 2019లో మూడు నుంచి రెండుకు తగ్గించారు. పశ్చిమ దేశాలలో పాత సైనిక రైఫిళ్ళను కొని, భాగాలు కూర్చి మళ్ళీ నిలబెట్టుకునే ఔత్సాహికులు ఉన్నారు. మన యువకులు వారిని చూసి ఉత్సాహపడుతున్నారు గాని, ఇక్కడ అటువంటి పనికి దారి లేదు.

ఈ సందర్భంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన గుర్తుకు రాకమానదు. మసీదులోనుంచిగాని, బజారులోనుంచిగాని బాణాలతో వెళ్ళేవాడు వాటి మొనలను చేత్తో పట్టుకోవలసిందని ఆయన ఆదేశించారు. తోబుట్టువైనా సరే, పరాచికానికైనా సరే, ఆయుధాన్ని ఎదుటివానివైపు చూపరాదన్నారు. అది ఆయుధం లేనివారికి కాదు, ఉన్నవారికి చెప్పిన మర్యాద.

సేకరణ ఎలా ఉండాలో చూడదలచినవారు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళవచ్చు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న అది ప్రారంభమైంది. అక్కడి ఆయుధాల గదిలో నేను ఒక మధ్యాహ్నమంతా గడిపాను. కత్తుల పదును కన్నా వాటిపై బంగారు తీగతో పొదిగిన అక్షరాల ముందే ఎక్కువసేపు నిలబడ్డాను.

ఎత్తిపోతల దగ్గరి ఆ ఇంట్లో చట్టం సంగతి విన్నాక కుమారుడు కమ్మరి దగ్గరకు మళ్ళీ వెళ్ళడం మానుకున్నాడు. నేను పలుచని కాగితాన్ని గొట్టంపై పరచి, పెన్సిలుతో మెల్లగా రుద్దాను. "అమల్" స్పష్టంగా వచ్చింది. దాని తరువాత ఒక నిలువు గీత, రెండు చుక్కలు లీలగా తేలాయి. "అది మా దాదా పేరులోని అక్షరం కాదంటారా?" అని పెద్దాయన మరొకసారి అడిగారు. ఆ కాగితానికి నకలు తీసి అసలును ఆయనకే ఇచ్చాను. తుపాకి తిరిగి గోడమీదికి వెళ్ళింది. నకలు నా వద్ద ఉన్నది. ఆ రెండు చుక్కలు ఏ పేరువో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.