హిందూ మహాసముద్ర తిమింగలాల సంరక్షణ: సంస్థల భాగస్వామ్యం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయక్షేత్రంగా ప్రకటించింది. వాణిజ్య వేట ఆగి దశాబ్దాలు గడిచినా అరేబియా సముద్రంలోని హంప్‌బ్యాక్ తిమింగలాలు అంతరించే ప్రమాదం నుంచి బయటపడలేదు. ఇందుకు గల కారణాలను, ఆ కొరతను పూరించడానికి భిన్న స్వభావాలు గల సంస్థలు కలిసి పనిచేసిన తీరును చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తిమింగలాలు, డాల్ఫిన్లు, అభయక్షేత్రం, సేషెల్స్, అరేబియా సముద్రం, మత్స్యకారులు, భాగస్వామ్యం.

1. ఉపోద్ఘాతం:
భూమిపై జీవించే వన్యప్రాణుల రక్షణకు ఒక ప్రభుత్వం, ఒక అటవీశాఖ చాలావరకు బాధ్యత వహించగలవు. సముద్ర క్షీరదాల విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఒక దేశపు జలాలలో ఆహారం వెతుక్కునే తిమింగలం కొన్ని వారాలలోనే మరొక దేశపు తీరానికి చేరగలదు. అందువల్ల దాని రక్షణ ఆది నుంచీ అంతర్జాతీయ వ్యవహారమే అయింది.

1946 డిసెంబరు 2న వాషింగ్టన్‌లో తిమింగల వేట నియంత్రణ ఒడంబడిక కుదిరింది. దాని ఫలితంగానే అంతర్జాతీయ తిమింగల వేట సంఘం ఏర్పడింది. తిమింగలాల నిల్వలను కాపాడుతూ వేట పరిశ్రమను క్రమబద్ధంగా నడపడం ఆ ఒడంబడిక లక్ష్యం. తొలి దశాబ్దాలలో సంఘంపై వేట దేశాల ప్రభావమే అధికం. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు పదేళ్లపాటు వాణిజ్య వేటను నిలిపివేయాలని కోరినా సంఘం అంగీకరించలేదు. లోపలి నుంచి రాని మార్పును బయటి నుంచి తేవలసి వచ్చింది.

2. అభయక్షేత్ర ప్రకటన – చిన్న దేశం పాత్ర:
1976లో స్వాతంత్ర్యం పొందిన సేషెల్స్ ద్వీపదేశం 1979లో తిమింగల వేట సంఘంలో సభ్యత్వం తీసుకుంది. అదే సంవత్సరం లండన్‌లో జరిగిన సమావేశంలో, దక్షిణ అక్షాంశం 55 డిగ్రీలకు ఉత్తరాన ఉన్న హిందూ మహాసముద్రాన్నంతటినీ అభయక్షేత్రంగా ప్రకటించాలని ప్రతిపాదించింది. ఈ ప్రతిపాదన వెనుక మూడు శక్తుల కలయిక కనిపిస్తుంది. ఓటుహక్కు గల ఒక చిన్న ప్రభుత్వం, సేషెల్స్ ప్రతినిధిగా వ్యవహరించిన రచయిత లయల్ వాట్సన్, మత్స్యశాస్త్రవేత్త సిడ్నీ హోల్ట్ వంటి నిపుణులు ఒక్కతాటిపైకి వచ్చారు. శాస్త్రవేత్తకు ఓటు లేదు, ద్వీపదేశానికి పరిశోధనా యంత్రాంగం లేదు. ఒకరి కొరతను మరొకరు తీర్చుకున్నారు.

ప్రతిపాదన నెగ్గింది. మొదట పదేళ్లకు పరిమితమైన అభయక్షేత్రాన్ని 1989లో మరో మూడేళ్లు పొడిగించి, 1992లో కాలపరిమితి లేకుండా కొనసాగించారు. భారతదేశం 1981లో సంఘంలో చేరింది. అరేబియా సముద్రంతో పాటు బంగాళాఖాతం కూడా ఈ పరిధిలోనిదే గనుక తెలుగు తీరం ముందరి సముద్రమూ అభయక్షేత్రంలో భాగమే.

ప్రకటన తరువాత పరిశోధన మొదలైంది. ప్రపంచ వన్యప్రాణి నిధికి చెందిన నెదర్లాండ్స్ శాఖ ఆర్థిక సహాయంతో, హాల్ వైట్‌హెడ్ తదితర శాస్త్రవేత్తలు ‘ట్యూలిప్’ అనే చిన్న తెరచాప పడవపై శ్రీలంక పరిసర జలాలలో స్పెర్మ్ తిమింగలాలను అధ్యయనం చేశారు. అంతవరకు తిమింగలాల గురించిన సమాచారంలో అధిక భాగం చంపిన కళేబరాల నుంచి లభించినదే. తోక ఛాయాచిత్రాల ఆధారంగా ఒక్కొక్క జీవిని గుర్తించడం, నీటి అడుగున వాటి ధ్వనులను నమోదు చేయడం వంటి పద్ధతులతో, చంపకుండానే తెలుసుకోవచ్చునని ఇటువంటి అధ్యయనాలు స్థిరపరిచాయి. 1982లో సంఘం వాణిజ్య వేటపై తాత్కాలిక నిషేధాన్ని ఆమోదించింది. ఆ నిషేధం 1985–86 వేట కాలం నుంచి అమలులోకి వచ్చింది.

3. వేటగాళ్ల లెక్కలు – రక్షణకు ఆధారాలు:
ఒడంబడికపై సంతకం చేసినంత మాత్రాన దేశాలు దానిని పాటిస్తాయన్న విశ్వాసం ఎంత బలహీనమో 1990ల ఆరంభంలో తేలింది. సోవియట్ నౌకాదళాలు దశాబ్దాలపాటు రహస్యంగా సాగించిన అక్రమ వేట వివరాలను రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ యాబ్లకోవ్ బయటపెట్టారు. ఆ వేటనౌకలపై పనిచేసిన యూరి మిఖలేవ్ 1997లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 1965–66లో అరేబియా సముద్రంలో 242 హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపారు. ఒమాన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల సమీపంలో ఈ వేట సాగింది.

ఈ రికార్డులు నేరానికి సాక్ష్యంగానే గాక శాస్త్రానికి ఆధారంగానూ ఉపయోగపడ్డాయి. వేటలో దొరికిన పిండాల పరిమాణాన్ని బట్టి, ఈ తిమింగలాల సంతానోత్పత్తి ఉత్తరార్ధగోళపు రుతుక్రమాన్ని అనుసరిస్తుందని వెల్లడైంది. ధ్రువ ప్రాంతాలకు వలస పోకుండా ఏడాది పొడవునా అరేబియా సముద్రంలోనే ఉండే ప్రత్యేక సమూహమిది అనే అభిప్రాయానికి దీనితో బలం చేకూరింది. తదుపరి జన్యు అధ్యయనాలు ఈ ఏకాంతం సుమారు 70,000 ఏళ్ల నాటిదని సూచించాయి. ఒమాన్ తీరంలో ఛాయాచిత్రాల ఆధారంగా వేసిన అంచనాలో తేలిన సంఖ్య 82 మాత్రమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 2008లో ఈ సమూహాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది.

4. వేట నుంచి వల వరకు:
వేట ఆగాక మిగిలిన ప్రధాన ముప్పులలో మొదటిది చేపల వల. నీటిలో తెరలా నిలువుగా వేలాడే గిల్‌నెట్ వలలు ట్యూనా చేపలకోసం వేసినవే అయినా వాటిలో డాల్ఫిన్లు, అప్పుడప్పుడు తిమింగలాలు చిక్కుకుంటాయి. గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక ఊపిరాడక మరణిస్తాయి. ఇది వాణిజ్య వేట కాదు గనుక అభయక్షేత్ర నియమం దీనికి వర్తించదు. పైగా పాకిస్తాన్, ఇరాన్ దేశాలు తిమింగల వేట సంఘంలో సభ్యులు కావు.

ఈ ఖాళీని పూరించడానికే 2015లో అరేబియా సముద్ర తిమింగలాల నెట్‌వర్క్ ఏర్పడింది. తీరదేశాల పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు తమ పరిశీలనలను పరస్పరం పంచుకోవడం దీని ముఖ్య లక్ష్యం. 2017 నవంబరులో ఒమాన్‌లోని మసీరా సింధుశాఖలో ఉపగ్రహ పరికరం అమర్చిన ‘లుబాన్’ అనే ఆడ తిమింగలం డిసెంబరు నాటికి అరేబియా సముద్రాన్ని దాటి భారత పశ్చిమ తీరానికి చేరింది. రెండు తీరాల పరిశోధకులకు ఉమ్మడి బాధ్యత ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు. అదే ఏడాది మనీలాలో వలస జాతుల ఒడంబడిక సభ్యదేశాలు ఈ సమూహం కోసం సమష్టి కార్యాచరణను ఆమోదించాయి.

మరొక భాగస్వామ్యం మరింత గమనింపదగినది. ప్రపంచ వన్యప్రాణి నిధి పాకిస్తాన్ శాఖ 2012 నుంచి ట్యూనా పడవల నాయకులకు శిక్షణ ఇచ్చి, వలలో పడిన జీవుల వివరాలను వారిచేతనే నమోదు చేయించింది. వలను నీటి ఉపరితలానికి సుమారు 2 మీటర్ల లోతున దించి వేసే పద్ధతిని పడవలలో ప్రవేశపెట్టగా, డాల్ఫిన్ల మరణాలు బాగా తగ్గాయి. అంతకుముందు అపరాధులుగా పరిగణనకు వచ్చినవారే ఇక్కడ పరిశీలకులయ్యారు.

5. ముగింపు:
పై పరిశీలనను బట్టి కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. 1979 నాటి భాగస్వామ్యం ప్రభుత్వాల ఓట్లను కూడగట్టి వేటకు అడ్డుకట్ట వేసింది. 2012 తరువాతి భాగస్వామ్యాలు పరిశోధకులను, మత్స్యకారులను కలిపి చట్టం చేరలేని చోటికి చేరాయి. అయితే వీటికి శాసనాధికారం లేదు. నిధులు ఆగితే పరిశీలన ఆగుతుంది. వల లోతు మార్చినందువల్ల కలిగే నష్టాన్ని మత్స్యకారుడే భరించవలసి వస్తే ఆ పద్ధతి నిలవడం కష్టం. సుమారు వంద లోపు జీవులు మిగిలిన సమూహంలో ఏడాదికి ఒకటి రెండు మరణాలైనా కోలుకోలేని దెబ్బే. కనుక మత్స్యకారుని జీవనభృతిని సంరక్షణ వ్యయంలో భాగంగా గుర్తించడమే ఈ చరిత్ర తీరదేశాలకు నేర్పే ప్రధాన పాఠం.