పైడిరాజు: ఒక ఉత్తరాంధ్ర పేరు పూర్వాపరాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పైడిరాజు, పైడినాయుడు, పైడయ్య అన్న మగవారి పేర్లు విరివిగా వినిపిస్తాయి. ఇవి విజయనగరం పైడితల్లి అమ్మవారి పేరున పెట్టినవని సాధారణంగా చెబుతారు. ఈ అభిప్రాయానికి ఉన్న బలమెంతో పరిశీలించవలసి ఉంది.

1. అర్థం: పైఁడి అంటే బంగారం. ఇది పసిఁడికి రూపాంతరం. పసుపు, పచ్చ, పసిమి కూడా ఈ కుదురులోవే. బ్రౌన్ నిఘంటువు (1852), శబ్దరత్నాకరం (1885) ఈ అర్థాన్నే ఇస్తాయి. బంగారం పేరు మగబిడ్డకు పెట్టడం వింతేమీ కాదు. మనకు బంగారయ్యలున్నారు, దక్షిణ స్లావుల జ్లాతన్, జ్లాత్కో పేర్లకూ మూలం బంగారమే. అయితే అర్థం తేలినంత మాత్రాన పేరు పెట్టిన కారణం తేలినట్టు కాదు.

2. వ్యాప్తి: ‘పైడి’ అన్న మాట ఉత్తరాంధ్రకే పరిమితం కాదు. నటుడు పైడి జైరాజ్ (జననం 1909) కరీంనగర్‌ వారు. 1962లో విశాఖపట్నంలో జాతీయ ‘ప్రతిజ్ఞ’ రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావు నల్గొండ జిల్లావారు. తణుకు దగ్గర పైడిపర్రు, రణస్థలం మండలంలో పైడిభీమవరం ఉన్నాయి. కానీ ఇవి ఇంటిపేర్లు, ఊరిపేర్లు. వ్యక్తినామంగా ఈ మాట వాడుక ప్రధానంగా ఉత్తరాంధ్రలోనే కనిపిస్తుంది. 1919లో పుట్టిన చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు ఈ ప్రాంతం వారే.

3. పేర్ల కూర్పు: సింహాచలం దేవుడు సింహాద్రి అప్పన్న పేరున అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలమ్మ ఏర్పడ్డాయి. పైడిరాజు, పైడినాయుడు, పైడమ్మలది సరిగ్గా అదే వరస. శ్రీకూర్మం చుట్టుపక్కల కూర్మారావులూ ఇలాంటివారే. ఇక్కడ ‘రాజు’ కులసూచకం కానక్కరలేదు. దేవత పేరే మూలమన్న వాదానికి ఈ పోలిక గట్టి ఊతం.

4. కాలం: చిక్కు ఇక్కడే ఉంది. అమ్మవారి కథకు మూలమైన బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. విజయనగరం రాజు పెదవిజయరామరాజు మరణించాక ఆయన సోదరి పైడిమాంబ ఆ ఊరి పెద్దచెరువులో ఐక్యమైందని ఒక కథనం; వార్త విని స్పృహతప్పి ప్రాణం విడిచిందని మరొకటి. ఆమే పైడితల్లిగా వెలిసిందనీ, పతివాడ అప్పలస్వామినాయుడు చెరువులోంచి విగ్రహాన్ని వెలికితీశాడనీ అనడం రెండింటికీ ఉమ్మడి. ఈ కథనాన్నే నమ్మితే, దేవత వెలియకముందే ఆడపడుచుకు ‘పైడి’ పేరుంది. అంటే మనిషి పేరే దేవతకు వచ్చింది.  అయితే ఈ కథనం ప్రధానంగా జనశ్రుతి. యుద్ధానికి ఉన్నంత రాతపూర్వక బలం దీనికి ఇవ్వలేం.

ఈ ఆధారాలను బట్టి మూడు నిర్ణయాలు చేయవచ్చు.

(అ) పేరుకు ‘బంగారం’ అన్న అర్థం నిస్సందేహం.

(ఆ) నేడు ఈ పేరు ఇంత దట్టంగా ఉండటానికి అమ్మవారి ప్రసిద్ధి, ఏటా ఆమెకు జరిపే సిరిమానోత్సవం కారణం కావడం చాలావరకు సంభావ్యం.

(ఇ) పేరు పుట్టిందే 1757 తర్వాత అన్న వాదం నిలవడం కష్టం. కనీసం స్థలపురాణమే దానికి అడ్డు.

1757కు ముందటి దానపత్రాల్లోగాని, వంశావళుల్లోగాని ‘పైడి’తో మొదలయ్యే ఒక్క పేరు తేదీతో సహా దొరికినా మూడో నిర్ణయం స్థిరపడుతుంది. పాత కరణాల ఇళ్లలో అలాంటి కాగితాలుంటే, చెదలపాలు కాకముందే నకళ్లు తీయించాలని పాఠకులకు మనవి.