కూలి రేటు చేతిదా, దారిదా?

ఒకే కోడు రాసేవాడికి హైదరాబాదులో ఒక జీతం, డాలస్‌లో ఇంకో జీతం ఎందుకని అడిగితే మనవాళ్ళు చాలామంది ఠక్కున 'టాలెంటు' అనేస్తారు. నాకా జవాబు మింగుడుపడదు. మన కోస్తా చరిత్ర చూస్తే మీకూ పడదేమో.

1852లో రెండు సంగతులు జరిగాయి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని ఆక్రమించారు.

కాటన్ దొర కాలవలు పొలాలకి నీళ్ళివ్వడంతో ఆగలేదు, వాటిలో పడవలూ నడిచాయి. ధాన్యం కాకినాడ రేవుకి నీటిమీదే చేరేది. ఎడ్లబండితో పోలిస్తే పడవ కిరాయి చాలా చవక. గిట్టుబాటు కావడంతో సాగు పెరిగింది, నాట్లకీ కోతలకీ మనుషులు కావాల్సొచ్చారు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి జనం కూలికి గోదావరి జిల్లాలకి దిగేవారు. ఊళ్ళో చేసే పనే, కాకపోతే అక్కడ కూలి ఎక్కువ.

ఇక బర్మా. 1869లో సూయజ్ కాలవ తెరిచాక ఐరోపా దగ్గరైంది, ఇరావతి డెల్టా బియ్యానికి గిరాకీ పెరిగింది. అక్కడ భూమి బోలెడు, మనుషులు తక్కువ. దాంతో మన తీరం నుంచి వేలమంది స్టీమరెక్కి రంగూన్ పోయారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అనేవారు. మూట మోసే భుజం అదే, సముద్రం దాటగానే దాని రేటు మారిపోయింది!

మరి అందరూ వెళ్తే రేట్లు సమానమైపోవాలి కదా? కాలేదు. టికెట్టు డబ్బులు మేస్త్రీ దగ్గర అప్పు, ఆ అప్పు తీరేదాకా వాడి కిందే పని. దూరానికి ధర ఉంది, అది కట్టింది కూలీయే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకుని, రాజీ కుదరగానే తీసేశారు. ఆ కోపం మనవాళ్ళమీదకి తిరిగింది, ఎంతోమంది చనిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చేసరికి లక్షలమంది భారతీయులు బర్మా వదిలి పారిపోయారు, చాలామంది కాలినడకన.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరు వచ్చాక మన సరుకు శాటిలైటు లింకులో ఎగుమతైంది. మన జీతాలు పెరగడానికి ఆ దారే ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఆ దారి వేసింది మనం కాదు, మూసేటప్పుడు మనల్ని అడగరు కూడా. వీసా నిబంధన మారిన ప్రతిసారీ మనకి తెలిసొచ్చేది ఇదే. కాబట్టి పక్కూరివాడి జీతం తక్కువైతే వాడి తెలివిని అనేముందు, వాడి ఊరికి ఏ దారి ఉందో చూడండి.

మీరేమంటారు?