ఊరు ఎంచితే చాలు: డ్రాప్‌డౌన్ వడపోత నడిచిన దారి

కంప్యూటర్ ఫారంలో మండలం ఎంచితే దాని ఊళ్లు మాత్రమే కిందికి దిగడం మనకిప్పుడు అలవాటైపోయింది. ఈ వరస మాత్రం కంప్యూటర్ కంటే చాలా పాతది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలకు 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలు కొలిపించి, రైతు పేరునే శిస్తు కట్టే పద్ధతిని నిలబెట్టాడు. ఆ తర్వాత అక్కడి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తాలూకాల్లో భూమి లెక్క ఊరివారీగానే సాగింది. ముందు తాలూకా, తర్వాత ఊరు, ఆపైన పొలం. ఏ ఊళ్లో ఏ చేను ఎవరిదో ఇట్టే చెప్పగలిగింది కరణం. 1984లో ఆ ఉద్యోగం రద్దయింది. 1985లో తాలూకాల చోట మండలాలు వచ్చాయి. లెక్క వెతికిపెట్టే మనిషీ పోయాడు, వెతకాల్సిన పేర్లూ మారాయి.

అదే దశకంలో డీబేస్ అన్న డేటాబేస్ ప్రోగ్రాం వచ్చింది. అందులో ఒక ఊరి రైతులను చూడాలంటే ఆదేశం టైప్ చేయాలి, ఊరి పేరు ఎలా ఎక్కించారో అలాగే కొట్టాలి. పేర్లేమో ఇంగ్లీషు అక్షరాల్లో. ప్రొద్దుటూరుకు నడుమ ఒకరు 'ఎ' వేస్తే మరొకరు 'యు' వేస్తారు. పులివెందులలో చివరి 'యు' కొందరు రాస్తారు, కొందరు వదిలేస్తారు. రైతు పేరు టేబుల్‌లో భద్రంగా ఉన్నా వెతుకులాటలో దొరకడు. అడిగిన రైతుకు "మీ పేరు లేదు" అన్న జవాబు వస్తుంది. పేరును టైప్ చేయించకుండా ఎంపిక చేయించాల్సిన అవసరం ఇక్కడే ఉంది. డ్రాప్‌డౌన్‌ను అలంకారం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను.

ప్రోగ్రాం రాయకుండా వెతకవచ్చన్న ఆలోచన ఐబీఎంలో మోషే జ్లూఫ్‌ది. 1970ల నడుమ ఆయన ఖాళీ పట్టిక చూపించి, కావలసినదానికి ఒక ఉదాహరణ నింపమన్నాడు. 1985లో పారడాక్స్ ఆ పద్ధతిని డెస్క్‌టాప్‌కు తెచ్చింది. 1992లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వచ్చాక ఫారాలు గీసుకోవడం, జాబితా పెట్టెలు అమర్చుకోవడం మామూలు గుమాస్తాకూ అందుబాటులోకి వచ్చాయి. తెలుగు పేర్లు తెలుగులోనే నిలవడానికి యూనికోడ్‌ను అందుకున్న యాక్సెస్ 2000 దాకా, గౌతమి ఫాంటుతో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దాకా ఆగాల్సి వచ్చింది.

యాక్సెస్‌లో అన్నిటికంటే చక్కని పద్ధతి చాలామందికి తెలియదు. ఏ టేబుల్‌కూ కట్టని ఒక ఫారం తీసుకుని, అందులో ఊళ్ల డ్రాప్‌డౌన్ (కాంబో బాక్స్) పెట్టాలి. దాని మొదటి నిలువు వరసలో ఊరి నంబరు, రెండో నిలువు వరసలో పేరు ఉండాలి. మొదటి నిలువు వరస వెడల్పు సున్నా చేస్తే నంబరు కంటికి కనపడదు, వడపోత మాత్రం దానిమీదే నడుస్తుంది. కింద రైతుల సబ్‌ఫారం (ఫారం లోపలి ఫారం) పెట్టి, దాని 'లింక్ మాస్టర్ ఫీల్డ్స్' గడిలో కాంబో బాక్స్ పేరు, 'లింక్ చైల్డ్ ఫీల్డ్స్' గడిలో ఊరి నంబరు ఫీల్డు పేరు రాయాలి. పక్కనున్న మూడు చుక్కల బటన్ నొక్కితే కుదరదంటుంది. చేత్తో టైప్ చేస్తే ఒప్పుకుంటుంది. ఇక ఊరు మార్చగానే రైతులు మారతారు, ఒక్క వాక్యం కోడ్ లేకుండా.

2005లో ఓపెన్‌ఆఫీస్ 2.0తో వచ్చిన బేస్, దాని వారసత్వంగా నేటి లిబ్రేఆఫీస్ బేస్ ఇంకో దారి పట్టాయి. అక్కడ ఒకే ఒక్క వరస ఉన్న చిన్న టేబుల్ తయారుచేసి, ఎంచిన ఊరిని అందులో దాస్తారు. పై ఫారం ఆ వరసకు, సబ్‌ఫారం రైతులకు కట్టి ఉంటాయి. 'రిఫ్రెష్ ఫారం' బటన్‌ను సబ్‌ఫారంలో పెట్టడమే కీలకం. దాన్ని నొక్కడానికి పై ఫారం వదిలి రావడంతోనే ఎంపిక సేవ్ అవుతుంది, ఆ వెంటనే కింది జాబితా మారుతుంది. పైసా ఖర్చు లేని ఈ సాఫ్ట్‌వేర్ చిన్న సంఘాలకు, దుకాణాలకు ఎంతో మేలు.

2015లో భూమి రికార్డులు చూపే మీభూమి వెబ్‌సైటు జిల్లా, మండలం, గ్రామం అన్న మెట్లను ప్రతి రైతు ముందుకూ తెచ్చింది. కానీ ఊళ్ల జాబితా ఒకసారి రాసిపెడితే తీరేది కాదు. కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరునే చూడండి. పేరులో సగం ప్రొద్దుటూరే కాబట్టి, మండలం ముందు ఎంచకపోతే పొరపాటు పడే ప్రమాదం ఉంది. గండికోట జలాశయం నీళ్లు ఆ ఊరిని ముంచాయి, జనం తరలిపోయారు. అయినా జాబితాలోంచి ఆ పేరు కొట్టేయకూడదు. కొట్టేస్తే పాత రికార్డులన్నీ అనాథలవుతాయి. ఊళ్ల టేబుల్‌లో 'ఇప్పుడు జనం ఉన్నారా' అన్న టిక్కు గడి ఒకటి కలపాలి. కొత్త నివాసం నమోదు చేసే డ్రాప్‌డౌన్‌లో టిక్కున్న ఊళ్లే రావాలి, పాతవి వెతికే చోట అన్నీ రావాలి. ఈ తేడా ఆ ప్రాంతం తెలిసినవాళ్లకే తడుతుంది. కోడ్ లేని పద్ధతిని నేను పట్టుదలగా సమర్థించేది అందుకే: ఊరు తెలిసిన మనిషే ఫారం దిద్దుకోగలడు.

2022 ఏప్రిల్‌లో పులివెందుల కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. డివిజన్ పేరును మండలాల టేబుల్‌లో మాత్రమే ఉంచినవాళ్లు కొన్ని వరసలు మార్చి ఊరుకున్నారు. ప్రతి రైతు వరసలోనూ రాసుకున్నవాళ్లకు మాత్రం టేబులంతా దిద్దే పని పడింది. అయితే ఆ కొన్ని వరసలు మార్చగానే 2021 నాటి లెక్కలు కూడా కొత్త డివిజన్ కిందికి వెళ్లిపోతాయి. వాటిని పాత డివిజన్ కిందే చూడాలంటే మండలానికీ డివిజన్‌కూ నడుమ 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అన్న రెండు తేదీలతో మరో టేబుల్ కావాలి, ఫారం పైన ఊరి పెట్టె పక్కన సంవత్సరం పెట్టె కూడా ఒకటి రావాలి.