తర్జుమా శాఖ నుండి యంత్రానువాదము వరకు

తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ప్రవేశించిన వారికి కొంత దూరము పోయిన పిమ్మట ఆర్ట్స్ కళాశాల భవనము కనబడును. గులాబి వన్నె రాతితో కట్టిన ఆ భవనమునకు 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. నేడు ఆ మెట్లపై కూర్చున్న విద్యార్థి చేతిలో పుస్తకముతో పాటు ఫోను కూడ ఉండును. ఇంగ్లీషు పాఠమును దానికి చూపినచో కొద్ది క్షణములలో తెలుగు పాఠము సిద్ధమగును. ఇది కృత్రిమ మేధ చేయుచున్న పని. పనిముట్టు క్రొత్తదే గాని, తెలియని భాషలో నున్న శాస్త్రమును తెలిసిన భాషలోనికి తెచ్చుకొనవలెనను కోరిక క్రొత్తది కాదు. ఆ కోరిక నుండియే ఈ విశ్వవిద్యాలయము పుట్టినది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. వాటి బోధనాభాష ఇంగ్లీషు. ఇట్టి చదువులో విద్యార్థి శక్తి విషయము కంటె భాషను కంఠస్థము చేయుటకే ఎక్కువగా ఖర్చగుచున్నదని పలువురు విద్యావేత్తలు భావించిరి. 1917లో హైదరాబాదు సంస్థానమున ఉన్నతోద్యోగియైన అక్బర్ హైదరీ దేశభాషలో బోధించు విశ్వవిద్యాలయమును గూర్చి ఒక వినతిపత్రమును సమర్పించెను. ఆ సంవత్సరమే నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువరించెను. 1918లో విశ్వవిద్యాలయము స్థాపితమైనది. 1919లో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలైనవి. బోధనాభాష ఉర్దూ. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశముగా నిలిచినది.

అయితే ఉర్దూలో చెప్పుటకు పుస్తకము లెక్కడివి? రసాయనము, భౌతికము, గణితము, చరిత్ర, తత్త్వము - అన్నియు ఇంగ్లీషులోనే యుండెను. అందుచేత తరగతుల కంటె ముందుగా 1917లోనే దారుత్తర్జుమా, అనగా అనువాద శాఖ, ఏర్పడినది. దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ అధిపతి. నవలా రచయిత మీర్జా హాదీ రుస్వా, కవి జోష్ మలీహాబాదీ వంటి వారు అందులో పనిచేసిరి.

ఈ శాఖ చేసిన పనులలో మిక్కిలి కష్టమైనది పారిభాషిక పదముల నిర్మాణము. ఒక్కొక్క మాట కొరకు సంఘములు కూర్చుండెడివి. అందులో శాస్త్రము తెలిసిన వారు ఒక వైపు, భాష తెలిసిన వారు మరొక వైపు. అరబ్బీ ధాతువుల నుండియే పదములు చేయవలెనని కొందరు. జనుల నోట నానిన హిందీ మాటలను కూడ కలుపుకొనవలెనని మరికొందరు. ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం రెండవ పక్షమును సమర్థించుచు పదనిర్మాణమును గూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను. వాదము ముగిసి, పదము కుదిరి, అనువాదము పరిశీలకుల చేతులు దాటిన తరువాతనే పుస్తకము అచ్చుకు పోయెడిది.

ఈ విధముగా మూడు వందలకు పైగా గ్రంథములు వెలువడినవి. వైద్యము, ఇంజనీరింగు సైతము ఉర్దూలో బోధింపబడినవి. ఇది సామాన్యమైన విజయము కాదు. కాని ఇందులో రెండు కొరతలు కలవు. ఒకటి, చేతి అనువాదము శాస్త్రము నడిచినంత వేగముగా నడువలేదు. రెండవది, సంస్థానములో అధిక సంఖ్యాకులకు తెలుగు మాతృభాష. మరాఠీ, కన్నడము మాట్లాడువారును ఎక్కువే. నల్లగొండ పల్లె నుండి వచ్చిన తెలుగు బాలునికి ఇంగ్లీషు బరువు తగ్గినను ఉర్దూ బరువు పైబడినది. దేశభాష యన్నప్పుడు అది ఎవరి భాష అను ప్రశ్నకు ఆనాడు సమాధానము దొరకలేదు.

1948 తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు బోధనాభాష ఆయెను. 1958లో ఆ ప్రాంతముననే కేంద్ర ఆంగ్ల సంస్థ నెలకొన్నది. అదియే 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా మారినది. కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను సమకూర్చుటకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. ఇదియు మనుష్యుల చేతిపనియే.

యంత్రమునకు ఈ పని నేర్పు ప్రయత్నము మన నగరములోను జరిగినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన అనుసారక అను పథకము 1990 దశకమున హైదరాబాదు విశ్వవిద్యాలయములోను, పిమ్మట ఐ.ఐ.ఐ.టి.లోను సాగినది. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ దీనికి ముఖ్యులు. భారతీయ భాషల వాక్యక్రమములో పోలికలు ఎక్కువ గనుక, వ్యాకరణ సూత్రములను యంత్రమునకు చెప్పి, ఒక భాషా వాక్యమును మరొక భాష చదువరికి అందించుట దీని పద్ధతి. ఇందు వాక్యము నున్నగా ఉండదు. కాని మూలములో నున్నది ఏదో చదువరికి దాగదు.

నేటి యంత్రముల మార్గము వేరు. వాటికి సూత్రములు ఎవరును చెప్పరు. కోట్లకొలది వాక్యములను చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సంభవమో అవియే లెక్కకట్టును. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము దీనికి మూలము. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనులకు అందుబాటులోనికి వచ్చినది. 2023లో మద్రాసు ఐ.ఐ.టి. వారి ఇండిక్‌ట్రాన్స్2 రాజ్యాంగములో పేర్కొన్న 22 భాషలకు అనువాద సాధనమైనది. భారతీయ భాషలలో అయిదేండ్లలో 22,000 పుస్తకములు తేవలెనని 2024 జులైలో అస్మిత అను పథకము ప్రకటింపబడినది. మూడు వందల పుస్తకముల కాలముతో పోల్చినచో వేగమున ఎంతటి తేడా వచ్చినదో తెలియును.

వేగము వచ్చినది, సంఘము మాత్రము లేదు. ఒక ఉదాహరణము చాలును. ఇంగ్లీషులో పవర్ అను మాట భౌతికశాస్త్రమున సామర్థ్యము, గణితమున ఘాతము, వాడుకలో శక్తి లేక అధికారము. శక్తి యనునది తెలుగు పాఠ్యపుస్తకములలో ఎనర్జీకి స్థిరపడిన పదము. యంత్రము పవర్‌ను కూడ శక్తి యని వ్రాసినచో వాక్యము తప్పులేక సాగును. అర్థము మాత్రము తప్పిపోవును. బల్బు వాటులకు, అది వాడిన యూనిట్లకు తేడా విద్యార్థికి తెలియదు. ఇంగ్లీషుతో పోల్చినచో యంత్రము చదివిన తెలుగు చాల కొద్ది. శాస్త్రపు తెలుగు మరింత కొద్ది. తప్పు ఎచ్చట జరిగినదో చెప్పుటకు అనువాదకుడు ఎదుట ఉండడు.

మరొక ప్రమాదము కూడ కలదు. యంత్రము అనువదించుటతో ఆగదు. ప్రశ్నకు జవాబును, వ్యాసమును సైతము వ్రాయును. పాఠము అర్థము కానప్పుడు దానిని మరల మరల అడిగి తెలుసుకొనుట మేలు. జవాబునే దానిచేత వ్రాయించుకొన్నచో మిగులునది కాగితమే గాని చదువు కాదు.

పల్లె నుండి తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థికి ఈ యంత్రము మేలైన ఊతకఱ్ఱ కాగలదు. 1919లో తెలుగు బాలునకు దొరకని అవకాశము నేడు అతని చేతిలో ఉన్నది. అది నిలువవలెనన్నచో ఆ పాత సంఘము తిరిగి కూర్చుండవలెను. భౌతికము చెప్పు అధ్యాపకుడు, తెలుగు చెప్పు అధ్యాపకుడు, పదకోశము, ఇంగ్లీషు మూలము పట్టుకొన్న విద్యార్థులు ఒక బల్ల చుట్టు చేరి, యంత్రము వ్రాసిన పుటను పదము పదముగా పరీక్షింపవలెను. ఏండ్లు పట్టెడి పనిని యంత్రము గంటలలో ముగించును. అట్లు మిగిలిన కాలములో కొంత భాగము ఆ బల్లకు చెల్లవలసియున్నది.