చూపు, వినికిడి తగ్గినవారికి చేతిలోని ఫోనే ఆసరా
వృద్ధులు, దివ్యాంగుల నిత్యజీవితంలో కృత్రిమ మేధ

కృత్రిమ మేధ అనగానే నగరాల్లోని సాఫ్ట్‌వేర్ కార్యాలయాలే గుర్తుకు వస్తాయి. పల్లెలో చూపు మందగించిన వృద్ధునికి దానితో పనేమిటన్న సందేహం సహజం. వాస్తవానికి అది ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇటువంటివారికే. పింఛను డబ్బు లెక్కపెట్టించుకోవడానికి, ఇంటికి వచ్చిన ఉత్తరం చదివించుకోవడానికి ఇతరులపై ఆధారపడవలసి రావడం చిన్న ఇబ్బంది కాదు. ఎదుటివారు లెక్క తప్పు చెప్పినా తెలుసుకునే వీలుండదు. సొంత సంగతులు నలుగురి నోళ్లలో పడతాయి.

నోటు విలువ పలికే 'మణి'

2016లో పెద్దనోట్ల రద్దు అనంతరం వచ్చిన కొత్త నోట్లు అంధులకు కొత్త చిక్కు తెచ్చిపెట్టాయి. రూ.100 నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రూ.200 నోటు 146, రూ.500 నోటు 150. మూడింటి వెడల్పూ 66 మిల్లీమీటర్లే. అంటే ఒక నోటుకు, దాని పైనోటుకు పొడవులో తేడా 4 మిల్లీమీటర్లు మాత్రమే! తడిమి గుర్తించేందుకు అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉన్నప్పటికీ చేతులు మారి నలిగిన నోటుపై అవి అరిగిపోతాయి.

ఈ అవసరం కోసమే రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో 'మణి' అనే ఉచిత యాప్‌ను హిందీ, ఆంగ్ల భాషలతో ప్రారంభించింది. నోటును ఫోను కెమెరా ఎదుట ఉంచితే విలువను పలుకుతుంది. సగానికి మడిచిన నోటునూ గుర్తించగలదు. ఒకసారి ఫోనులో వేసుకున్న తరువాత ఇంటర్నెట్ అవసరం లేదు. సిగ్నల్ అందని గూడేలకు ఇది పెద్ద సౌలభ్యమే. అయితే ఆ నోటు అసలుదా, నకిలీదా అన్నది మాత్రం చెప్పదు. సంతలో పశువులు అమ్ముకునేవారు ఈ సంగతి మరువరాదు.

మందుల విషయంలో జాగ్రత్త

కాగితంపై ఉన్న అక్షరాలను చదివి వినిపించేందుకు, ఎదురుగా ఉన్న వస్తువులను వర్ణించేందుకు గూగుల్ వారి 'లుకౌట్', మైక్రోసాఫ్ట్ వారి 'సీయింగ్ ఏఐ' ఉచితంగా లభిస్తున్నాయి. సీయింగ్ ఏఐ 2017లో ఆపిల్ ఫోన్లకే పరిమితమై వచ్చినా 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దొరుకుతోంది. డెన్మార్క్‌లో పుట్టిన 'బీ మై ఐస్' 2015 నుంచి అంధులను వీడియో కాల్ ద్వారా స్వచ్ఛంద సహాయకులతో కలుపుతోంది. 2023లో దానికి కృత్రిమ మేధ కూడా తోడైంది. యంత్రం చెప్పినది నమ్మశక్యంగా లేకుంటే మనిషిని అడిగే వీలుండటం వల్ల ఈ ఏర్పాటే మేలనిపిస్తుంది.

ఎందుకంటే ఇటువంటి యాప్‌లు అక్షరం సరిగా కనబడనిచోట ఆ మాట చెప్పక, ఊహించి చెప్పడమూ కద్దు. అదీ ఏ తడబాటూ లేకుండా! మాత్రల అట్టపై 5 మిల్లీగ్రాములను 50గా చదివితే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుని చేతిరాత సంగతి చెప్పనక్కరలేదు. మందులను దుకాణదారు లేదా ఆశా కార్యకర్త చేత సరిచూపించుకున్నాకే వేసుకోవాలి.

మాట్లాడితే అక్షరాలు

బధిరులకు, వినికిడి తగ్గిన వృద్ధులకు 'లైవ్ ట్రాన్స్‌క్రైబ్' ఉపకరిస్తుంది. ఎదుటివారి మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా మార్చి తెరపై చూపుతుంది. తెలుగులోనూ పనిచేస్తుంది. అమెరికాలోని బధిరుల విద్యాసంస్థ గాలడెట్ విశ్వవిద్యాలయం సహకారంతో గూగుల్ దీనిని 2019లో విడుదల చేసింది. రూపకర్తల్లో ఒకరైన దిమిత్రి కనెవ్‌స్కీ స్వయంగా బాల్యం నుంచి బధిరులు. బ్యాంకు కిటికీ వద్ద, ఆసుపత్రిలో ఫోనును ఎదుటివారి ముందు పెడితే చాలు. నలుగురు ఒకేసారి మాట్లాడినా, యాస చిక్కనైనా తప్పులు దొర్లుతాయి.

చేతులు వణికేవారు, టైపు చేయలేనివారు నోటితో చెప్పి సందేశం పంపుకోవచ్చు. గూగుల్ ఈ సదుపాయాన్ని 2017లో తెలుగుకు విస్తరించింది.

వేలిముద్ర పడకుంటే ముఖం

మట్టిపనిలో అరిగిన వేళ్లకు యంత్రంపై ముద్ర పడకపోవడం అందరూ ఎరిగినదే. విశ్రాంత ప్రభుత్వోద్యోగులు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రానికి కేంద్రం 2021 నవంబరులో ముఖ గుర్తింపు విధానం తెచ్చింది. మంచం దిగలేనివారు కూడా ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోనుతోనే దీనిని సమర్పించవచ్చు. ఆ ఫోను కుటుంబ సభ్యులదైనా ఫర్వాలేదు.

గొంతునూ నమ్మరాదు

ఇదే పరిజ్ఞానంతో మనవడి గొంతును అనుకరించి, ప్రమాదం జరిగిందని ఏడ్చి, డబ్బు పంపమనే మోసగాళ్లూ ఉన్నారు. అటువంటి ఫోను వస్తే పెట్టేసి, మనవడి నంబరుకు తిరిగి ఫోను చేయాలి. ఏటీఎం పిన్, ఓటీపీ ఉన్న కాగితాన్ని గానీ తెరను గానీ ఏ యాప్ కెమెరాకూ చూపరాదు. డబ్బు పోయినట్లు గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. వృద్ధులకు ఇతర సహాయం కావలసి వస్తే ఎల్డర్‌లైన్ నంబరు 14567.