చెవితో ఎరిగిన పిట్ట

కొమ్మలలో దాగి కూయు పిట్టను కన్నులతో వెదకి ఎన్నడైన విసిగితిరా? ఇంగ్లండులోని సెల్బోర్న్ గ్రామమందు గిల్బర్ట్ వైట్ (1720–1793) అను గురువు చెవులతో వెదకెను.

అక్కడి అడవులలో పసుపు కలిసిన ఆకుపచ్చని చిన్న పిట్టలు మూడు విధములవి కలవు. చూపునకు ఒకే పోలిక. విల్లో రెన్ అను పేరు మూడింటికిని చెల్లుచుండెను. ఒకటి రెండే స్వరములను మరల మరల పలుకును. ఒకటి పైనుండి మెల్లగా దిగుచు పాడును. మూడవది బీచి చెట్ల చిటారు కొమ్మలను విడువదు, కంటబడుటయే అరుదు. రెక్కలు వణకించుచు, పళ్లెములో గిరగిర తిరిగి ఆగబోవు నాణెమువలె సవ్వడి చేయును. పాటలు మూడు గనుక జాతులును మూడని ఆయన 1768లో థామస్ పెన్నెంటుకు వ్రాసెను. చెవిని మాత్రమే నమ్మలేదు సుమా! మూడింటిని ఎదుట పెట్టుకొని పరీక్షింపగా, రెండు స్వరముల పిట్టకు కాళ్లు నల్లనివి, తక్కినవాటికి కావు.

ఇంత విన్న ఆ చెవులకే తరుచుగా చెవుడు కమ్ముచుండెను. అట్టి దినములలో వసంతము వచ్చియు ఆయనకు మూగదే. అయినను 1768లో మొదలిడిన దినచర్య పుస్తకమును 1793 జూనులో, మరణమునకు కొన్ని దినముల ముందువరకు, వ్రాయుచునే యుండెను.